డాక్టరు గారు నడవమన్నారు, మంచం దిగబుద్ధి కావట్లేదు: డిప్రెషన్‌కి మందులతో పాటు వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి

చీటీ మీద మందుల పేర్లన్నీ రాసి, అడుగున ‘రోజూ వాకింగ్’ అని ఒక ముక్క రాసి ఇస్తారు. మందు ఏ పూట వేసుకోవాలో మెడికల్ షాపులో కుర్రాడు కవరు మీద గీతలు గీసి మరీ చెబుతాడు. నడక సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఎంతసేపు నడవాలి, ఎంత జోరుగా, ఎన్ని వారాలు, అసలు లేవడానికే ఓపిక లేనప్పుడు ఏం చెయ్యాలి? ఫిజియోథెరపీ కోసం నా దగ్గరికి నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి అంటూ వచ్చేవాళ్ళలో చాలామంది రెండోసారో మూడోసారో గొంతు తగ్గించి అడిగేది ఇదే. “మనసు బాగోక మందులు వాడుతున్నానండి. నడవమన్నారు. పొద్దున్నే మంచం దిగబుద్ధి కాదు. ఎలాగండీ?” భీమవరం నుంచి వచ్చినా, రాజోలు నుంచి వచ్చినా అదే ప్రశ్న. ఈసారి అడిగినవాళ్ళకి చేతిలో పెట్టడానికి వీలుగా మొత్తం రాస్తున్నాను.

మొదట ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది మందులకి, కౌన్సెలింగ్‌కి తోడుగా చేసేది. వాటిని మానేసి చేసేది కాదు.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. అమెరికాలోని డల్లాస్‌లో చేసిన పరిశోధన ఒకటి ఉంది, 2005లో వెలువడింది. తక్కువ నుంచి మధ్యస్థ స్థాయి డిప్రెషన్ ఉన్నవాళ్ళ చేత 12 వారాలు వ్యాయామం చేయించారు. మామూలుగా ఆరోగ్యానికి సిఫారసు చేసేంత మోతాదు చేసినవాళ్ళకి లక్షణాలు సగటున 47 శాతం తగ్గాయి. అందులో సగం కూడా చెయ్యనివాళ్ళకి 30 శాతం, ఒళ్ళు సాగదీసే కదలికలు మాత్రమే చేసినవాళ్ళకి 29 శాతం తగ్గాయి. వారానికి 3 రోజులు చేసినా 5 రోజులు చేసినా తేడా రాలేదు. మనకి దీన్నుంచి కావలసినవి రెండే. చివరికి చేరాల్సిన మోతాదు ఒకటుంది, రోజూ చెయ్యలేదని కంగారు పడక్కర్లేదు. నడక, యోగా, బరువులతో చేసే వ్యాయామాలు మూడూ పనికొస్తాయని 2024లో 218 పరిశోధనలని కలిపి చూసినవాళ్ళు తేల్చారు. కాబట్టి ‘ఏది మంచిది’ అని వెతుక్కుంటూ కూర్చోకండి. మీరు మానకుండా చెయ్యగలిగింది ఏదో అదే మంచిది.

ఇవి ఉంటే ముందు ఆగండి

చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా? అయితే ఈ కాగితం పక్కన పెట్టి ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపేది. 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే 108. ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట. మన గోదావరి జిల్లాల్లో కాలవ లేని ఊరు లేదు, పురుగుమందు డబ్బా లేని రైతు ఇల్లు లేదు. అలాంటి ఆలోచనలున్న మనిషిని కాలవ గట్టు మీద, ఏటి ఒడ్డున ఒంటరిగా నడవనివ్వకండి. ఊళ్ళో సిమెంటు రోడ్డు మీద, పక్కన ఒకరు ఉండి నడిపించండి. పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లోంచి తీసేసి వేరే వాళ్ళ దగ్గర పెట్టండి. దీన్ని రేపటికి వాయిదా వెయ్యకండి.

నడిస్తే గుండెలో పట్టేసినట్టు ఉండటం, కళ్ళు తిరిగి పడిపోవడం, నాలుగు మెట్లకే ఊపిరి అందకపోవడం ఉంటే ముందు గుండె పరీక్ష. కాన్పయి కొద్ది వారాలే అయినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు మీ డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

కావలసినవి

* వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ బూట్లు గానీ. హవాయి చెప్పులు గట్టు మీద జారతాయి, తడి సిమెంటు మీద ఇంకా జారతాయి.
* గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్, దానికి దారంతో కట్టిన పెన్ను.
* చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి. ప్లాస్టిక్‌దైతే గోడకి ఆనించి వాడాలి.
* లీటరు నీళ్ళ సీసాలు రెండు.
* టార్చిలైటు.
* తోడు వచ్చే మనిషి. దొరక్కపోతే ఏం చెయ్యాలో కింద రాశాను.

జిమ్ము, చేతికి పెట్టుకునే వాచీ, ట్రాక్ ప్యాంటు అక్కర్లేదు. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని నడిచేవాళ్ళూ బాగానే నడుస్తున్నారు.

1. డాక్టరుని ఈ ప్రశ్నలు అడగండి

“నేను వ్యాయామం మొదలుపెడుతున్నానండి, నా మందులతో ఏమైనా జాగ్రత్త ఉందా?” అని అడగండి. ఊరికే అడగమనట్లేదు. మన దగ్గర ఎండా, ఉక్కా రెండూ ఎక్కువ. కొన్ని మందులకి వాటితో పడదు.

లిథియం వాడేవాళ్ళు చెమట ఎక్కువ పట్టి నీళ్ళు తక్కువ తాగితే రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది. వేసవిలో నీళ్ళు తాగుతూ ఉండాలి, ఉప్పు ఒక్కసారిగా మానెయ్యకూడదు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, అడుగు తూలడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. అమిట్రిప్టిలిన్ లాంటి పాతరకం మందులు వాడేవాళ్ళకి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, చెమట సరిగ్గా పట్టక ఒళ్ళు వేడెక్కుతుంది. రాత్రి క్లోనజెపామ్ లాంటిది వేసుకునేవాళ్ళకి తెల్లవారుజామున మత్తు పూర్తిగా దిగదు. వాళ్ళు పొద్దున్నే గట్టు ఎక్కకుండా సాయంత్రం నడవడం మేలు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి మొదటి వారం పది రోజులు వికారంగా ఉండొచ్చు. నెమ్మదిగా నడవడానికి అది అడ్డు కాదు.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు పరగడుపున వెళ్ళకండి. జేబులో రెండు బెల్లం ముక్కలు పెట్టుకోండి. వణుకు, చెమట, కళ్ళు మసకబారడం అనిపిస్తే నోట్లో వేసుకుని కూర్చోండి.

థైరాయిడ్, రక్తహీనత, బి12 తక్కువ కావడం కూడా అచ్చం డిప్రెషన్ లాగే నీరసపరుస్తాయి. ఆ పరీక్షలు ఇంతవరకూ చెయ్యకపోతే చేయించమంటారా అని అదే నోటితో అడిగెయ్యండి. ఇప్పటిదాకా ఏ డాక్టరుకీ చూపించుకోలేదా? ముందు ఆ పని. కాకినాడ జనరల్ ఆస్పత్రిలో మానసిక విభాగం ఉంది. అంత దూరం వెళ్ళలేకపోతే 14416కే ఫోన్ చేసి మీకు దగ్గర్లో ఎక్కడ చూస్తారో కనుక్కోండి.

2. మొదలుపెట్టే ముందు లెక్క రాసుకోండి

డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది. పీహెచ్‌క్యూ 9 అంటారు, తెలుగులో కూడా ఉంటుంది, అడగండి. గడిచిన రెండు వారాల్లో దిగులు, నిద్ర, ఆకలి, నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం లాంటివి ఎన్ని రోజులు ఉన్నాయో చూసి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేసుకోవాలి. మొత్తం 27. పది, ఆ పైన వస్తే మధ్యస్థం, ఇరవై, ఆ పైన వస్తే తీవ్రం. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏది వచ్చినా అదే రోజు డాక్టరుకి చెప్పాలి.

వచ్చిన అంకె, తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. ఇది రాసుకోకుండా మొదలుపెట్టినవాళ్ళు నెల తర్వాత “ఏం తగ్గలేదండి” అంటారు. పక్కన ఉన్న మనిషికి తేడా కనిపిస్తూనే ఉంటుంది. డిప్రెషన్‌లో ఉన్న మనసు మంచిని గుర్తుపెట్టుకోదు, అందుకే కాగితం మీద పెట్టాలి.

3. టైము, చోటు ముందే కట్టెయ్యండి

‘కుదిరినప్పుడు’ అనుకుంటే కుదరదు. ‘పాలు పోయించుకున్నాక’, ‘పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించాక’, ‘సాయంత్రం టీ తాగాక’ అని రోజూ ఎలాగూ జరిగే పనికి ముడెయ్యండి.

మార్చి చివర నుంచి జూన్ దాకా పొద్దున్న 6:30 లోపు ముగించాలి, లేదా పొద్దు గుంకాక వెళ్ళాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గర ఊళ్ళలో చెమట ఆరదు, అందుకని ఎండ తగ్గాక కూడా ఒంట్లో వేడి తగ్గదు. తలనొప్పి, వికారం మొదలైతే ఆరోజుకి చాలు. వానాకాలంలో గట్టు మట్టి బంకలా పట్టేసి చెప్పు ఊడొచ్చేస్తుంది. చీకట్లో గట్టు మీద కట్లపాము, రక్తపింజర భయం ఉంది. టార్చి లేకుండా వెళ్ళకండి, గడ్డి లేని దారిలోనే నడవండి.

గట్టు బాగోలేనప్పుడు చోటు మార్చండి. స్కూలు గ్రౌండు, గుడి ప్రాంగణం, మార్కెట్ యార్డు షెడ్డు, మీ డాబా, ఏదైనా పర్వాలేదు. డాబా చిన్నదైతే చుట్టూ తిరుగుతూ, మధ్యలో మెట్లు ఒకసారి దిగి ఎక్కండి. రాజమండ్రి వాళ్ళకి గోదావరి గట్టు ఉంది, కాకినాడలో బోట్ క్లబ్ చెరువు ఉంది, యానాంలో ఏటి ఒడ్డు రోడ్డు ఉంది. చుట్టూ మనుషులు తిరిగే చోట్లు ఇవి, ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళకి నయం. మేత లారీలు, ఐసు వ్యాన్లు తిరిగే రోడ్డయితే ఎదురుగా వచ్చే బళ్ళు కనిపించేలా కుడిపక్కన నడవండి.

రొయ్యల రైతులకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. “నేను రోజూ చెరువు గట్టు చుట్టూ తిరుగుతూనే ఉంటానండీ” అంటారు. కాళ్ళు తిరుగుతాయి, నిజమే. కళ్ళు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే మీద, చెవులు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ చప్పుడు మీద, మనసేమో డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) ఎంత పడిపోయిందో అన్న టెన్షన్ మీద ఉంటాయి. అది డ్యూటీ. ఈ నడక చెరువు కనిపించని దారిలో చెయ్యండి. రాత్రంతా కాపలా కాసిన పొద్దున అసలు నడవొద్దు, ముందు నిద్రపోండి.

4. మొదటి రెండు వారాలు: 10 నిమిషాలు, వారానికి 4 రోజులు

ఐదు నిమిషాలు వెళ్ళండి, వెనక్కి తిరగండి. ఒళ్ళు బాగుందనిపించినా పదికి మించి చెయ్యకండి. ఈ రెండు వారాల్లో నేర్చుకునేది నడక కాదు, బయటికి రావడం.

అన్నిటికంటే కష్టమైన చోటు మంచానికి, గుమ్మానికి మధ్య ఉన్న ఆ పది అడుగులు. అది దాటలేకే ఎక్కువమంది ఆగిపోతారు. కాబట్టి దాన్నే ముక్కలు చేద్దాం. చెప్పులు రాత్రే మంచం పక్కన పెట్టుకోండి. నైటీలో బయటికి వెళ్ళలేను అనేవాళ్ళు మార్చుకునే బట్టలు కుర్చీ మీద పెట్టుకోండి. పొద్దున్న మెలకువ రాగానే ఫోన్ పట్టుకోకుండా కాళ్ళు నేలకి ఆనించి కూర్చోండి. ఒక నిమిషం. లేచి మొహం మీద చన్నీళ్ళు కొట్టుకోండి. చెప్పులు వేసుకోండి. గేటు దాకా వెళ్ళండి. అక్కడ నిలబడి ‘ఇంక వెళ్ళలేను’ అనిపిస్తే వెనక్కి వచ్చెయ్యొచ్చు, ఆరోజు క్యాలెండర్‌లో ‘గేటు’ అని రాసుకోండి. అది కూడా లెక్కే. వెళ్ళగలిగితే వీధి చివర కరెంటు స్తంభం దాకా. మనసు పుట్టాక వెళ్దాం అని కూర్చుంటే ఈ జబ్బులో మనసు పుట్టదు. ముందు కాళ్ళు కదలాలి, ఇష్టం చాలా వెనక వస్తుంది, కొన్నాళ్ళు అసలు రాదు. రాకపోయినా నడక పని చేస్తూనే ఉంటుంది.

మంచం దిగడమే కాని రోజులుంటే పడుకునే చెయ్యండి. మడమలు ఆనించి మోకాళ్ళు ముడుచుకుని నడుం పైకెత్తడం, ఒక్కో కాలు చాపి ఎత్తడం, పది పదిసార్లు. తర్వాత మంచం అంచున కూర్చుని కాళ్ళు ఆడించడం. ఆరోజుకి సరి.

వెళ్ళే ముందు, వచ్చాక, మనసు ఎలా ఉందో 0 నుంచి 10 లో ఒక అంకె వేసి క్యాలెండర్ గడిలో రాయండి. ‘3/4’ అని. తిథి పక్కన చోటు ఉంటుంది, చాలు.

5. పెంచడం

మూడు, నాలుగు వారాల్లో 15 నుంచి 20 నిమిషాలు. ఐదు, ఆరు వారాల్లో 25 నుంచి 30. ఏడో వారం నుంచి 30, 40 నిమిషాల చొప్పున వారానికి 4 లేదా 5 రోజులు. మొత్తం వారానికి 150 నిమిషాలు చేరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే కనీస లెక్క కూడా అదే. ఏ వారమైనా బరువనిపిస్తే దాన్నే ఇంకో వారం చెయ్యండి. పరీక్ష ఏమీ లేదు ఇక్కడ.

ఎంత జోరుగా అంటే, నడుస్తూ పక్క మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట వస్తుంటే ఇంకాస్త వేగం పెంచండి. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే తగ్గించండి. బీపీకి గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్ళకి నాడి లెక్కలు కుదరవు, వాళ్ళకీ ఈ మాట పరీక్షే సరైనది.

గాభరా, పానిక్ కూడా ఉన్నవాళ్ళకి వేగం పెరగ్గానే గుండె దడదడలాడితే ‘మళ్ళీ వచ్చేసింది’ అని భయమేస్తుంది. ఆగిపోకండి, వేగం తగ్గించి నడుస్తూనే ఉండండి. రెండు మూడు నిమిషాల్లో దడ దానంతటదే దిగుతుంది. నాలుగైదు సార్లు అలా దిగడం చూశాక భయం కూడా పల్చబడుతుంది. నొప్పితో కలిసి దడ వస్తే మాత్రం ఆగి డాక్టరుకి చూపించాలి.

6. వారానికి రెండు రోజులు బలానికి

నడక లేని రోజుల్లో చెయ్యండి, 15 నిమిషాల పని.

కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోవడం 8 నుంచి 10 సార్లు. గోడకి చేతులు ఆనించి ముందుకి వంగి వెనక్కి నెట్టుకోవడం 10 సార్లు. కిటికీ ఊచ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం 10 సార్లు. నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతుల దగ్గర మడిచి ఎత్తడం 10 సార్లు. ఒక నిమిషం ఆగి మొత్తం మళ్ళీ ఒకసారి. మూడు వారాల తర్వాత తేలికైపోతే సంఖ్య పెంచండి. మోకాలు నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. ఊపిరి బిగబట్టకండి.

లేసు అల్లేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు మెడ, భుజాలు పట్టేసి వస్తారు. గోడ వ్యాయామం మీకు రెట్టింపు చెయ్యండి, మధ్యాహ్నం ఒకసారి లేచి చెయ్యగలిగితే ఇంకా మంచిది.

యోగా వచ్చినవాళ్ళు దీని బదులు సూర్య నమస్కారాలు, ఆసనాలు చేసుకోవచ్చు. కొత్తగా నేర్చుకోవాలంటే మనిషి దగ్గర నేర్చుకోండి, వీడియో చూసి తలకిందులు ఆసనాలు వెయ్యకండి.

7. కూలి పని చేసేవాళ్ళకి లెక్క వేరు

“పొద్దుటి నుంచి నాట్లు వేసి వచ్చానండి, ఇంకేం నడవను?” అని అడిగితే నడవొద్దనే చెబుతాను. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో, కొబ్బరి దింపులప్పుడు ఒంటికి పని చాలినంత అయిపోయింది. కానీ వంగి చేసే పని మనసుకి వ్యాయామం ఇచ్చే ఫలితం ఇవ్వదు. కూలి కోసం చేసేది, మన కోసం చేసుకునేది ఒకేలా పని చెయ్యవు. ఆ రోజుల్లో సాయంత్రం స్నానం చేశాక నడుం, తొడలు సాగదీసుకోవడం 5 నిమిషాలు, నచ్చిన మనిషితో మెల్లగా 10 నిమిషాలు వీధిలో తిరగడం. పని లేని రోజుల్లో మామూలు లెక్కకి రండి.

8. తోడు, ఊరి మాట

తోడు ఉంటే మానెయ్యడం సగానికి సగం తగ్గుతుంది అని నా నమ్మకం. ఒకే వీధిలో ఇద్దరు చాలు. దొరక్కపోతే ఫోన్‌లో తోడు. భర్త కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న ఇళ్ళు కోనసీమలో ఎన్నో. వాళ్ళలో ఒకావిడ బయల్దేరే ముందు చెప్పుల ఫొటో ఒకటి ఆయనకి పంపేది, ఆయన డ్యూటీలో ఉన్నా చూసి ఒక బొమ్మ పెట్టేవాడు. మాటలేం లేవు. ఆవిడకి అంతే కావలసి వచ్చింది.

“ఎక్కడికమ్మా పొద్దున్నే?” అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు ముందే అనుకుని పెట్టుకోండి. “డాక్టరు గారు నడవమన్నారండి” చాలు. అది నిజం కూడా. ఏ డాక్టరు, దేనికి అన్నది వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళకి: “నీకేం తక్కువ? లేచి నాలుగు అడుగులు వేస్తే అదే పోతుంది” అనకండి. అది విన్న మనిషి ఇంకాస్త ముడుచుకుపోతుంది. “చెప్పులేసుకో, నేనూ వస్తున్నా” అనండి. నడుస్తూ అప్పుల సంగతి, పెళ్ళి సంబంధాల సంగతి ఎత్తకండి. ఏం మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

9. ఆగిపోయిన రోజులు

ఆగిపోతుంది. జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్ళి వస్తుంది, సంక్రాంతికి ఇంటినిండా జనం ఉంటారు. మూడు రోజులు పోతే ఆపిన చోటే మొదలుపెట్టండి. రెండు వారాలు పోతే రెండు మెట్లు కిందికి దిగి మొదలుపెట్టండి. జ్వరం ఉన్నప్పుడు చెయ్యకండి. పోయిన రోజులకి వడ్డీ కట్టినట్టు ఒకేసారి గంట నడవకండి.

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల వాళ్ళకి జులై నుంచి సెప్టెంబరు దాకా వరద భయం ఉంటుంది. నీళ్ళు పెరుగుతున్నాయని తెలియగానే మందులు, చీటీ, ఈ క్యాలెండర్ కాగితం ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి. డిప్రెషన్ మందు హఠాత్తుగా ఆగితే తలతిరుగుడు, చిరాకు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. దాన్ని జబ్బు తిరగబెట్టిందని పొరబడతారు. పునరావాస కేంద్రంగా ఇచ్చిన స్కూలు వరండాలో అటూ ఇటూ 10 నిమిషాలు నడిచినా ఆరోజు లెక్కలోకి వస్తుంది. కాళ్ళకి పగుళ్ళు, పుండ్లు ఉంటే వరద నీళ్ళలో దిగి నడవకండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటిరోజే గంట నడవడం. రెండోరోజు పిక్కలు పట్టేస్తాయి, మూడోరోజు ‘నావల్ల కాదు’ అన్న మాట నిజమైపోయినట్టు అనిపిస్తుంది. ఎక్కువమంది ఇక్కడే పోతున్నారు.

కాస్త తేలిక పడగానే మాత్రలు మానెయ్యడం. “నడక వల్లే తగ్గిందండి, మందు ఎందుకు?” అంటారు. తగ్గింది రెండింటి వల్ల. మందు ఆపడం డాక్టరు మెల్లమెల్లగా తగ్గిస్తూ చెయ్యాల్సిన పని.

కాటా ఎక్కడం. బరువు తగ్గలేదని నడక మానేసినవాళ్ళు ఉన్నారు. కొన్ని మందులతో బరువు పెరుగుతుంది కూడా. ఈ మూడు నెలలు కాటాని మంచం కిందికి తోసెయ్యండి. ఫోన్‌లో అడుగుల లెక్క కూడా ఇంతే, పదివేలు కాలేదని రాత్రి పూట బాధపడేవాళ్ళకి అది మందు కాకుండా ఇంకో దిగులు అవుతుంది.

నడుస్తూ గొడవ పడే ఫోన్లు మాట్లాడటం. వచ్చాక అంకె వెళ్ళేముందు కంటే తక్కువ వస్తుంటే ముందు దీన్ని చూడండి.

పడుకోబోయే ముందు జోరుగా చెయ్యడం. నిద్ర చెడుతుంది. భోజనానికి ముందే ముగించండి.

10. పని చేస్తోందా? ఇలా చూసుకోండి

గడుల్లో రాసిన అంకెలు మొదట చూడండి. ‘3/3’, ‘3/4’ నుంచి ‘3/5’ అవుతుంటే ఆ పూటకి ఫలితం మొదలైంది. వెళ్ళేముందు అంకె పెరగడానికి ఇంకా వారాలు పడుతుంది, తొందరపడకండి.

చాలామందికి ముందు కుదురుకునేది నిద్ర, ఆకలి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం తగ్గుతుంది. ఆ తర్వాత పనులు: రెండు రోజులుగా పడేసిన గిన్నెలు తోమడం, ఎత్తని ఫోన్ ఎత్తడం. సంతోషం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. అందుకే ‘నాకు ఆనందంగా లేదు కాబట్టి పని చెయ్యట్లేదు’ అనుకోకుండా ఇంట్లోవాళ్ళని అడగండి, “నాలో ఏమైనా తేడా ఉందా?” అని. వాళ్ళకే ముందు తెలుస్తుంది.

తొమ్మిది ప్రశ్నల కాగితం 4, 8, 12 వారాలకి మళ్ళీ నింపండి. 5 తగ్గితే అది లెక్కలోకి వచ్చే మార్పు. మొదటి అంకెలో సగానికి వస్తే వైద్యం బాగా పట్టినట్టు. 5 కంటే కిందికి చేరడం మన గురి. 8 వారాలు మందులూ నడకా రెండూ సక్రమంగా చేసినా కదలకపోతే తప్పు మీది కాదు. మందు మార్చాలేమో, మోతాదు చాలట్లేదేమో, కౌన్సెలింగ్ కలపాలేమో డాక్టరు చూడాలి. క్యాలెండర్ కాగితాలు పట్టుకెళ్ళి చూపించండి. అలా చూపించినవాళ్ళకి డాక్టరు కూడా ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ కేటాయించడం నేను చూశాను.

ఇంకో రకం మార్పు కూడా ఉంటుంది, దాన్ని చూసి సంబరపడకూడదు. రాత్రి మూడు గంటలే నిద్రపోయి కూడా అలసట లేకపోవడం, గడగడా మాట్లాడటం, ఎప్పుడూ లేని ఖర్చులు, రోజుకి మూడుసార్లు నడవాలన్నంత హుషారు. ఇది డిప్రెషన్ తగ్గడం కాకపోవచ్చు, బైపోలార్ అనే ఇంకో జబ్బు గుర్తు కావచ్చు. వ్యాయామం పెంచడం ఆపి, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

11. తగ్గాక

పూర్తిగా తగ్గాక కూడా మందులు సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. నడక దానికి పైన కూడా మానకండి. వారానికి 3 రోజులకి దించుకోవచ్చు, ఒక్కోటి 40 నిమిషాలు ఉండేలా చూసుకోండి. డాక్టరు మందు తగ్గించడం మొదలుపెట్టిన వారాల్లో వ్యాయామం ఉన్నది ఉన్నట్టే ఉంచండి, పెంచొద్దు, తగ్గించొద్దు. గడుల్లో అంకెలు ఆ వారాల్లో తప్పకుండా రాయండి. అంకె పడిపోవడం మొదలైతే అది మందు తగ్గించినందువల్లే అని డాక్టరు వెంటనే పోల్చుకోగలుగుతారు.